డబ్బాలక్క కేసెట్టు

ఈ సంగతి మీద నేను ఇప్పటికి పదకొండు ఉత్తరాలు రాశాను. మొదటి మూడూ కార్డులు, తర్వాతివి కవర్లు, చివరి రెండూ రిజిస్టరు పోస్టులో పంపినవి, వాటి రసీదులు ఇప్పటికీ నా దిండు కింద ఉన్నాయి. ఒక్కదానికైనా జవాబు రాలేదు. మీ ఉత్తరం అందింది అని ఒక్క ముక్క రాయడానికి కూడా అంత పెద్ద అద్దాల మేడలో ఎవరికీ తీరిక దొరకలేదు. ఇక వాళ్ళకు రాసి ఏం లాభమనిపించి, ఈసారి ఈ పత్రిక చదివే, నా ఈడు వాళ్ళైన మీకు రాస్తున్నాను. డాబాల మీదుగా నల్లటి వైరు లాక్కుంటూ ఇంటింటికీ కేబుల్ టీవీ వచ్చిన రోజులు మీకు గుర్తుంటాయి. మీరైనా చివరిదాకా వింటారు.

ఆ చానెల్ పేరు ఇక్కడ రాయను. ఇల్లు, తోట, వంటగది, గోడల రంగులు, కర్టెన్లు, పొద్దస్తమానం ఇవే చూపించే చానెల్ అది. వాళ్ళు నా భార్య పేరు వేయలేదు కనుక నేను వాళ్ళ పేరు వేయను. ఇది వట్టి మొండితనం అని మా చెల్లెలు అంటుంది. కావచ్చు.

పోయిన ఎండాకాలం నా కళ్ళద్దాల పుల్ల ఒకటి ఊడిపోతే, బాగు చేయించుకుందామని పత్తర్‌గట్టికి వెళ్ళాను. ముప్ఫై ఏళ్ళుగా నా అద్దాలన్నీ ఒకే దుకాణంలో చేయించుకుంటున్నాను, అప్పట్లో తండ్రి కూర్చునేవాడు, ఇప్పుడు కొడుకు కూర్చుంటున్నాడు, అతనికీ గడ్డం నెరుస్తోంది. అద్దాలు అతని చేతికిచ్చి నేను స్టూలు మీద కూర్చున్నాను. గోడకున్న టీవీ నాకు రంగుల పొగలాగా కనిపిస్తోంది గానీ మాటలు మాత్రం బాగానే వినిపిస్తున్నాయి. ఆ చానెలే. తాము ఎట్లా పుట్టిందీ, ఎట్లా పెరిగిందీ వాళ్ళ చరిత్రను వాళ్ళే చెప్పుకుంటున్నారు. ఒక ఆడమనిషి గొంతు చాలా తియ్యగా, తమ వ్యవస్థాపకుడు ఒకనాటి సాయంత్రం తన తోటలో కూర్చుని ఉండగా ఈ ఆలోచన పుట్టిందని చెబుతోంది. నాకు నవ్వొచ్చింది. ఆ చానెల్ ఏ తోటలోనూ పుట్టలేదు. ఛత్రినాకలో, సైకిల్ రిపేరు దుకాణం మీది గదిలో, రెండు వీసీఆర్‌ల మధ్య పుట్టింది. ఆ గదిలో ఉన్న ఒకే ఒక్క మొక్క ఎండిపోయిన తులసి.

ఇంతలో సంగీతం మారింది. దుకాణదారు స్క్రూడ్రైవర్ పట్టుకునే తలెత్తి చూసి, నెమ్మదిగా నవ్వుకున్నాడు. ఏం చూపిస్తున్నారని అడిగాను.

"ఏం లేదు చాచా, పాత వీడియో. ఎవరివో చేతులు. నూనె డబ్బాల మట్టి నింపుతున్నయ్."

నేను స్టూలు మీంచి లేచాను. "మొఖం కనిపిస్తుందా?"

"నై చాచా. చేతులే. ఆకుపచ్చ గాజులు."

"నా అద్దాలియ్యి భాయ్, జల్దియ్యి."

"స్క్రూ చేతుల ఉంది చాచా, కింద పడితే మళ్ళ దొరకది. ఒక్క నిమిషం."

"అయితే నువ్వే చూసి చెప్పు. మణికట్టు కాడ పచ్చబొట్టు ఉందా?"

అతను కళ్ళు చిట్లించి టీవీ వైపు వంగాడు. "ఉంది చాచా. చుక్కలు. నాలుగు, నడుమ ఒకటి. అరే, పోయింది. ఇప్పుడు కోటేస్కున్న సార్ మాట్లాడుతున్నడు."

అద్దాలు నా ముక్కు మీదికి వచ్చేసరికి తెర నిండా కోటు తొడుక్కున్న పెద్దమనిషి ఉన్నాడు, ఆ తోటలో కూర్చున్న వ్యవస్థాపకుడే. నా భార్య పోయి ఆరేళ్ళయింది. ఆ ఆరేళ్ళలో ఒకే ఒక్కసారి ఆమె చేతులు ఈ లోకంలో కదిలాయి. వాటిని పత్తర్‌గట్టిలో కళ్ళద్దాలమ్మే మనిషి చూశాడు, నేను చూడలేదు.

"ఎవరు చాచా? జాన్‌పహచాన్ ఉన్నోళ్ళా?" అని అడిగాడతను.

మా ఇంటామె అన్నాను. అతను స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి, "మళ్ళొకసారి ఏస్తరేమో, కూసో చాచా, చాయ్ తెప్పిస్త" అన్నాడు. నమాజుకని దుకాణం మూసే వేళ దాకా కూర్చున్నాను. ఆ చేతులు మళ్ళీ రాలేదు.

మాది ఛత్రినాక. రెండు గదులు, వంటిల్లు, పైన డాబా. నేను ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఫిట్టరుగా పని చేసేవాడిని. నా భార్య వాళ్ళు పాలవాళ్ళు. వాళ్ళ కొట్టంలో డజనుకు పైగా బర్రెలుండేవి. చిన్నప్పుడు వాళ్ళ నాయనమ్మ పొడిపించిన పచ్చబొట్టే ఆ ఐదు చుక్కలు. పెళ్ళై మా ఇంటికొచ్చిన మొదటి వారంలోనే ఆమె డాబా ఎక్కి చూసి, ఇంత జాగా ఎండకు ఉత్తగా పడి ఉందేమని అడిగింది. అప్పటిదాకా ఆ డాబా మీద మా అమ్మ మిరపకాయలు ఎండబోసుకోవడం తప్ప ఇంకేమీ లేదు.

బేగంబజార్‌లో కిరాణా టోకు దుకాణాల వెనక ఖాళీ నూనె డబ్బాలు గుట్టలుగా పడి ఉండేవి. షిఫ్టు దిగి వస్తూ నేను వాటిని సైకిలుకు ముందు నాలుగు, వెనక నాలుగు కట్టుకుని తెచ్చేవాడిని. దారిపొడవునా అవి చేసే చప్పుడుకు గల్లీ కుక్కలన్నీ నా వెంట పడేవి. డబ్బాల అడుగున నేను సుత్తితో బొక్కలు కొట్టేవాడిని. ఆ సుత్తి నా సొంతది, ఫ్యాక్టరీది కాదు, ఎవరైనా అడుగుతారేమోనని రాస్తున్నాను. మట్టి, వాళ్ళ పుట్టింటి కొట్టంలోని పేడ ఎరువు కలిపి ఆమె నింపేది. రెండేళ్ళు తిరిగేసరికి డాబా మీద నడవడానికి ఒక మనిషి పట్టేంత సందు మాత్రమే మిగిలింది. గోంగూర, బచ్చలి, పుదీన, వంకాయ, కాకర, బంతి, డాబా అంచు పొడవునా దొండ తీగ.

మా గల్లీకి నల్లా రోజు విడిచి రోజు వచ్చేది, అదీ ఒక గంట. అందుకని ఆమె ఒక నియమం పెట్టుకుంది, బిందెలో పట్టిన నీళ్ళు ఒక్క చుక్క కూడా మొక్కకు పోయకూడదని. బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయలు కడిగిన నీళ్ళు, పప్పు నానబెట్టిన నీళ్ళు, ఇవన్నీ ఒక బక్కెట్టులో పోగు చేసి సాయంత్రం పైకి మోసేది. ఇంట్లో ఎవరైనా తెలియక బియ్యం కడిగిన నీళ్ళు మోరీలో పారబోస్తే ఆ రోజు మాకు కూర ఉండేది కాదు, పచ్చడితోనే తినేవాళ్ళం.

సైకిల్ దుకాణం మీది గదిలోంచి మా బస్తీకి కేబుల్ నడిపే కేబుల్ అన్న మా డాబా మీదికి వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. అది నాకు సెలవు దినం. భుజాన వైరు చుట్ట వేసుకుని పక్క డాబా నుంచి దూకాడు. వైరు దొండ తీగకు చిక్కుకుంది. అతను కత్తెర తీశాడు. నా భార్య బక్కెట్టు కింద పెట్టింది.

"ఓ అన్నా, ఆ కత్తెర జేబుల పెట్టు. నా తీగ ముట్టినవంటే నీ వైరు నేను తెంపుత."

"అక్కా, రెండు కొమ్మలే. కోస్తే మళ్ళ రావా ఏంది?"

"నీ వైరు కోస్తే మళ్ళ వస్తదా?"

అతను తల గోక్కున్నాడు. నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను. చివరికి ఆమె చెప్పినట్టే వైరును తీగ పక్క నుంచి తిప్పి తీసుకెళ్ళాడు. ఆ వర్షాకాలం మా దొండ తీగ ఆ వైరునే పట్టుకుని పాకుతూ గల్లీ దాటి అవతలి డాబా చేరింది. వాళ్ళు కూడా మా దొండకాయలు కోసుకున్నారు. తీగ బరువుకు వైరు సాగి వాళ్ళ టీవీలో బొమ్మ వణుకుతోందని కేబుల్ అన్న మళ్ళీ వచ్చాడు. ఈసారి కత్తెర తేలేదు. కూర్చుని చాయ్ తాగి, ఈ మొక్కలు నీళ్ళు లేకుండా ఎట్లా బతుకుతున్నాయని అడిగాడు. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. అరగంట చెప్పింది. అతను లేచి, "అక్కా, గిదే టీవీల చెప్తవా?" అన్నాడు.

చానెల్ పుట్టింది ఆ గదిలో, దానికి తోట ఆలోచన పుట్టింది మా డాబా మీద. ఇంకెవరేం చెప్పినా నమ్మకండి.

అప్పట్లో అతను సినిమాలూ, స్థానిక ప్రకటనలూ మాత్రమే వేసేవాడు. మధ్యాహ్నం నాలుగింటికి ఒక అరగంట ఖాళీ ఉండేది. ప్రతి గురువారం ఆ అరగంట మా డాబాది. పెళ్ళిళ్ళకు వీడియో తీసే ఫోటో స్టూడియో భాయ్ కెమెరా తెచ్చేవాడు. ఎండ ముఖం మీద పడేట్టు తెల్లటి థర్మోకోల్ అట్ట పట్టుకునే పని నాది. మొదటి రోజు నా భార్యకు నోట మాట రాలేదు. కెమెరా గాజు కన్ను చూసి కొంగు నోట్లో కుక్కుకుంది. భాయ్ ఎంత బతిమాలినా లాభం లేకపోయింది. అప్పుడు నేనే అన్నాను, అది కెమెరా అనుకోకు, ఆదిలాబాద్ దిక్కు ఇచ్చిన మీ చెల్లెలు వచ్చి నీ ముందు కూర్చుందనుకో అని. ఆమె ఒక్క క్షణం కళ్ళు మూసుకుని తెరిచింది. "చూడు చెల్లె" అని మొదలుపెట్టింది. ఆ తర్వాత ఏడాదిన్నర పాటు ఆమె కెమెరాతో మాట్లాడలేదు, చెల్లెలితోనే మాట్లాడింది. చూసిన ఆడవాళ్ళు మాత్రం ఆమె తమతోనే మాట్లాడుతోందనుకున్నారు. ఆమె చెల్లెలి ఊరికి కేబుల్ లేదు. ఆ చెల్లెలు ఒక్క వారం కూడా చూడలేదు.

ధనియాలను చెప్పు కింద వేసి రుద్ది రెండు ముక్కలు చేసి చల్లితే కొత్తిమీర బాగా మొలుస్తుందని ఒక వారం చూపించింది. తినే వస్తువును చెప్పుతో తొక్కుతారా అని మరునాడు కేబుల్ అన్న గదికి నలుగురు లొల్లికి వచ్చారట. తర్వాతి గురువారం ఆమె చెప్పును సబ్బుతో కడిగి, అందరికీ చూపించి, "ఇగో చెల్లె, మస్తు కడిగిన, ఇంక ఎవ్వరు ఫికర్ చెయ్యకుండ్రి" అని మళ్ళీ ధనియాలు రుద్దింది. భాయ్ నవ్వి నవ్వి కెమెరా కదిలించాడు. మార్కెట్‌కు వెళితే ఆడవాళ్ళు ఆపి మాట్లాడేవాళ్ళు. డబ్బాలక్క అని పిలిచేవాళ్ళు. నన్ను డబ్బాలక్క మొగుడు అనేవాళ్ళు. ఫ్యాక్టరీలో కూడా అన్నారు. ఎవరెవరు ఏ రోజు అన్నారో నాకు గుర్తుంది. అయితే వాళ్ళ మీద నాకు కోపం రాలేదు.

టేపులు తక్కువగా ఉండేవి. ఈ గురువారం తీసినదాని మీదే వచ్చే గురువారం తీసేవాళ్ళు. అందుకని ఆ ఏడాదిన్నరలో ఏదీ మిగల్లేదు. మా టీవీకి కేబుల్ లేదు కనుక ప్రసారమైన రోజు ఆమె పక్కింటి గడప దగ్గర నిలబడి చూసేది, అదీ మా గల్లీకి నల్లా రాని గురువారాల్లోనే. నిలబడేదే గానీ చూసేది కాదు. నలుగురి మధ్య తన ముఖం తను చూసుకోవడానికి సిగ్గుపడి తల వంచుకుని కాలి బొటనవేలితో నేల మీద గీస్తూ ఉండేది. ఇంటికొచ్చాక నన్ను అడిగేది, నా గొంతు అట్లనే ఉంటదా అని.

చివరికి ఒక్క కార్యక్రమం మాత్రం మిగిలింది. బోనాల ముందు ప్రత్యేకంగా గంటసేపు తీశారు. బోనం కుండకు కట్టే వేపకొమ్మ మొదలు, దండకు కావలసిన బంతిపూలు డబ్బాల్లో ఎట్లా పూయించుకోవాలో దాకా అందులో చెప్పింది. ఆ రోజు కొత్త ఆకుపచ్చ గాజులు వేసుకుంది. బేగంబజార్ స్టీలు సామాన్ల సేటు ఆ కార్యక్రమానికి సాయం చేశాడని, ఆయన కోసం టేపు దాచి, మాకు కూడా ఒక కాపీ తీసి కేబుల్ అన్న స్వయంగా తెచ్చి ఇచ్చాడు.

మాకు వీసీఆర్ లేదు. అప్పట్లో అద్దెకు దొరికేవి, మీకు గుర్తుండే ఉంటుంది, రెగ్జిన్ సంచిలో పెట్టి ఇచ్చేవాళ్ళు. ఒక ఆదివారం తెచ్చాను. పొద్దున్నే ఆమె నాతో, "అందరు చూసి పోయినంక తలుపేస్కొని నేనొక్కదాన్నే చూస్కుంట. నువ్వు గూడ ఉండొద్దు" అంది. నేనెందుకు ఉండకూడదని ఏడిపించాను. "నువ్వుంటే నాకు నవ్వొస్తది" అంది.

గల్లీ అంతా మా ముందుగదిలో కిక్కిరిసింది. ఆమె వంటింట్లో అటు తిరిగి కూర కలుపుతూ ఉంది. ఆ కూర ఉడికి అప్పటికి గంటయింది. కార్యక్రమం అయిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. పేర్లు రావడం మొదలైంది. కేబుల్ అన్న పేరు వచ్చింది. కెమెరా భాయ్ పేరు వచ్చింది. చాయ్ పంపిన హోటలు పేరు కూడా వచ్చింది. తోట సలహాలు అని వచ్చి, దాని కింద స్టీలు సామాన్ల సేటు భార్య పేరు వచ్చింది. ఆమె మా డాబా మెట్టు కూడా ఎక్కి ఎరుగదు. అట్ట పట్టుకున్నవాడి పేరు ఎవరూ వేయరు, అది నాకు తెలుసు, దాని గురించి నేను మాట్లాడడం లేదు.

"డబ్బాలక్కా, నీ పేరేదే?" అని ఎవరో అరిచి నవ్వారు. మీదింటి ముసలామె, "సేటాణి ఎప్పుడు నాటిందమ్మ బంతి?" అంది. ఇంకా నవ్వారు. ఆ నవ్వు నేను తట్టుకోలేకపోయాను. లేచి మీట నొక్కి కేసెట్టు బయటికి తీశాను. అది ఇంకా వెచ్చగా ఉంది. నా భార్య వంటింటి గుమ్మంలోకి వచ్చింది, చేతిలో గరిటె ఉంది.

"ఏందది? ఆడనే ఉంచు. నేను ఇంక చూడలే."

"పేరేసినంక చూద్దువు."

"పేరుదేముంది? నేనెవరో నాకెరుక లేదా?"

అప్పటికే నేను చెప్పులు తొడుక్కుంటున్నాను.

కేబుల్ అన్న గదిలో కేసెట్టును బల్ల మీద పెట్టి అడిగాను. అతను తప్పు ఒప్పుకున్నాడు. సేటు పట్టుబట్టాడన్నాడు.

"ఆయన లేకుంటే చానెల్ నడవదన్నా, నేనేం జెయ్యాలె?"

"ఆమె లేకుంటే నడుస్తదా?"

దానికి అతను అన్న మాట ఇది. అక్షరం పొల్లుపోకుండా రాస్తున్నాను.

"అన్నా, గింత లొల్లి ఎందుకు. కేసెట్ ఇంటికి తీస్కపో. అక్కను చూడనియ్యి ముందు. పేరు సంగతి తర్వాత మనం చూద్దాం."

"నాకద్దు. పేరు దిద్ది నువ్వే నా ఇంటికి తెచ్చియ్యాలె. నేనచ్చి అడగ. అప్పటిదాంక నా గడప తొక్కకు."

నేను రాసిన పదకొండు ఉత్తరాల్లోనూ "మీవాళ్ళు మా కేసెట్టు తీసుకుని తిరిగి ఇవ్వలేదు" అనే రాశాను. అతను తీసుకెళ్ళమన్నాడనీ, నేనే బల్ల మీద వదిలి వచ్చాననీ ఒక్కదాంట్లోనూ రాయలేదు. ఇప్పుడు రాశాను. రాయకుండా పోతే ఇక చెప్పేవాళ్ళు ఎవరూ లేరు, ఆ గదిలో ఉన్నది మేమిద్దరమే, అతను కూడా ఇప్పుడు లేడు.

ఇంటికొచ్చేసరికి గది ఖాళీ అయింది. తలుపు దగ్గరగా వేసి ఉంది. ఆమె తల దువ్వుకుని, ముఖం కడుక్కుని, టీవీ ముందు చాప మీద కూర్చుని ఉంది. నా ఖాళీ చేతులు చూసింది. లేచి వెళ్ళి నాకు అన్నం పెట్టింది. మర్నాడు పొద్దున వీసీఆర్‌ను సంచిలో పెట్టి తిరిగి ఇచ్చేశాను.

షూటింగ్ నేనే బంద్ చేయించాను. ఆమె దానికీ ఎదురు చెప్పలేదు. కొన్నాళ్ళ వరకూ గురువారం వస్తే మాత్రం డాబా ఊడ్చి, డబ్బాలు తుడిచి, ఆ ఆకుపచ్చ గాజులు వేసుకుని పైన తిరిగేది. నేను చూసి కూడా చూడనట్టున్నాను. ఒకసారి నేను డ్యూటీలో ఉండగా కెమెరా భాయ్ వచ్చి అడిగి వెళ్ళాడట. చాయ్ ఇచ్చి, పుదీన కట్ట చేతిలో పెట్టి, ఆయన ఒప్పుకోడన్నా అని పంపించేసింది. ఈ సంగతి నాకు పదేళ్ళ తర్వాత తెలిసింది.

ప్రతి ఏడూ బోనాలకు ఆమె చెల్లెలు మా ఇంటికి వచ్చేది. ఆ చెల్లెలు వచ్చే ముందు రోజు నా భార్య నన్ను అడిగేది, "కేసెట్టు ఇచ్చిన్రా?" అని. కోపంతో కాదు, దెప్పుతూ కాదు, కరెంటు బిల్లు వచ్చిందా అని అడిగినట్టు అడిగేది. చెల్లెలికి చూపించాలని ఆమె కోరిక. ఇయ్యక ఏం జేస్తరు, వాళ్ళే తెచ్చిస్తరు అని నేను అనేవాడిని. వెళ్ళి అడుగుదామని ఎన్నిసార్లు చెప్పులు తొడుక్కున్నానో, గల్లీ మలుపు దాకా వెళ్ళి ఎన్నిసార్లు తిరిగి వచ్చానో నాకే తెలుసు. నేనొచ్చి అడగనని అన్నాను కదా. ఒకసారి పత్తర్‌గట్టిలో కేబుల్ అన్న ఎదురుపడ్డాడు. అప్పటికే చానెల్‌ను కోటు సారుకు అమ్మేశాడు, మనిషి సగమైపోయాడు. నన్ను చూసి చెయ్యెత్తి ఏదో చెప్పబోయాడు. నేను రోడ్డు దాటి అవతలికి వెళ్ళిపోయాను. ఆ ఏడే పోయాడు. ఏం చెప్పబోయాడో, టేపు ఎవరికి ఇచ్చానని చెప్పబోయాడో, ఇక తెలియదు. పోయిన ఎండాకాలం వేసిన ఆ చరిత్ర కార్యక్రమంలో అతని పేరు కూడా లేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి అతని తరఫున కూడా నాకు కడుపు మండింది.

నా భార్య ఆఖరి బోనాలకు మంచంలో ఉంది. చెల్లెలు మర్నాడు వస్తోంది. అడుగుతుందేమోనని పొద్దున్నుంచి ఆమె మంచం దగ్గరే కూర్చున్నాను. ఈసారి అడిగితే లేచి వెళ్ళి ఎవరి కాళ్ళైనా పట్టుకుని తెస్తానని అనుకున్నాను. ఆమె అడగలేదు. బియ్యం కడిగిన నీళ్ళు పైకి తీసుకెళ్ళారా అని మాత్రం అడిగింది.

అద్దాల దుకాణంలో ఆ సంగతి విన్న వారానికి, మూసీ దాటి ఆ చానెల్ ఆఫీసుకు నేనే వెళ్ళాను. గేటు దగ్గర కాపలా మనిషి గంట సేపు ఎండలో నిలబెట్టాడు. లోపల బల్ల దగ్గరున్న అమ్మాయి పాపం మర్యాదగానే మాట్లాడింది. పాత టేపులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించామంది. ఎపిసోడ్ నంబర్ అడిగింది, లేదన్నాను. ఎవరి పేరుతో వెతకాలి సార్ అంది. మా ఇంటామె పేరు చెప్పాను. వెతికింది. ఆ పేరుతో ఏమీ లేదంది.

"ఆ పేరెయ్యలేదమ్మా. అదే నా కంప్లయింట్."

"మరి ఏ పేరేసిన్రు సార్? ఆ పేరు చెప్తే చూస్త."

ఆ పేరు నాకు తెలుసు. ఇన్నేళ్ళుగా ఒక్క రోజూ మరిచిపోలేదు. నాలుక చివర దాకా వచ్చింది. నా నోటితో నేను ఆ పేరు చెబితే, ఆ తోట సేటు భార్యదేనని నేనే ఒప్పుకున్నట్టు అవుతుందనిపించింది. తెలియదమ్మా అన్నాను. ఆ అమ్మాయి జాలిపడి, ఉత్తరం రాయండి సార్ అని చెప్పి ఒక క్యాలెండరు చేతిలో పెట్టింది. దాని మీద రంగులేసిన డబ్బాల్లో పూలమొక్కల బొమ్మ ఉంది. ఆ పదకొండు ఉత్తరాలూ ఆ తర్వాత రాసినవే.

ఇప్పుడు ఛత్రినాక డాబాల మీద తెల్లటి ప్లాస్టిక్ కుండీలు వచ్చాయి, మట్టి సంచుల్లో కట్టి ఇంటికే తెచ్చిస్తున్నారు. నల్లా మాత్రం ఇప్పటికీ రోజు విడిచి రోజే వస్తోంది. కేబుల్ పోయి చాలా కాలమైంది గానీ ఆ పాత వైరు ముక్క ఒకటి మా డాబా నుంచి అవతలి డాబాకు ఇంకా వేలాడుతూనే ఉంది. మా గల్లీలో పసిపిల్ల తుమ్మినా ఫోనులో దాచుకుంటున్నారు. నా దగ్గర నా భార్యవి రెండు ఫోటోలున్నాయి, ఒకటి పెళ్ళిది, ఒకటి రేషన్ కార్డుది. రెండింట్లోనూ నోరు మూసుకుని ఉంది. ఆమె గొంతు ఎట్లా ఉండేదో నాకు ఇంకా జ్ఞాపకం ఉందనే అనుకుంటున్నాను గానీ, ఈ మధ్య చూడు చెల్లె అనే మాట తలుచుకుంటే అది ఆమె గొంతులో కాక నా గొంతులోనే వినిపిస్తోంది. నా భయమంతా అదే.

అందుకని ఇది రాస్తూ రాస్తూ మధ్యలో ఆపి, వాళ్ళకే పన్నెండో ఉత్తరం రాశాను. అందులో సేటు భార్య పేరు ఇంటిపేరుతో సహా పూర్తిగా రాశాను. ఆ పేరుతోనే వెతకమన్నాను. దిద్దమని అడగలేదు. కింద ఎవరి పేరుంటే ఆ పేరే ఉండనివ్వండి, నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఆ చేతులు ఎవరివో, ఆమె పేరు బాలమణి అని, ఇక్కడ చదివిన మీకు తెలిస్తే చాలు. ఆ గంటసేపటి కేసెట్టు నాకు ఒక్కసారి ఇప్పిస్తే తలుపు వేసుకుని చూస్తాను.

ఆ ఆఫీసులో ఎవరైనా ఇది చదివితే, కోటు సారే కానక్కర లేదు, గేటు దగ్గరి మనిషైనా సరే, ఒక్క మాట చెప్పండి. ఆ కేసెట్టు ఉందా, లేదా? మీరు చూపించిన ఆ చేతుల వెనక ఆమె మాట ఉందా, లేక సంగీతం కోసం తుడిచేశారా? ఉంటే ఉందని, లేకుంటే లేదని, నాకు జవాబు చెప్పండి.